పకీరప్ప గెలిచిన పాలెమాట

పకీరప్పకు ఉన్న దిగులు ఒక్కటే. చెత్త.

మిగతావేవీ అతన్ని ఆపలేకపోయాయి. నీళ్ళు ఎటు పారతాయో నేల చూసి చెప్పేవాడు. గాదె ఎక్కడ కడితే పందికొక్కు చేరదో, దారి ఎంత వెడల్పుంటే ఎదురెదురు బండ్లు తప్పుకుంటాయో, ఇల్లు ఎటు తిప్పితే పడమటి ఎండ కొట్టదో, అన్నీ అతనికి కొట్టినపిండి. కానీ ఊరంతా కట్టేశాక ఎక్కడో ఒక మూల నల్లగా కుప్పలు మిగిలేవి. అవి కనపడితే పకీరప్పకు అన్నం సహించేది కాదు.

ఊరంటే నిజం ఊరు కాదు. ఆట ఊరు. తుంగభద్ర ఒడ్డున, గుట్ట మీద, బుర్హాన్ బాబా అనే ఫకీరు శిష్యులతో ఉండే తకియాలో ఆడే పాలెం కట్టే ఆట, పాలెమాట, అది. చదరంగంలో రాజు ఒక్కడు మిగిలితే చాలు, గెలిచినట్టే. పాలెమాటలో ఊరందరూ మిగలాలి. ఒక్కణ్ణి కాపాడుకోవడం కూడా ఒక ఆటేనా అని గుట్ట మీదవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళ గర్వం వాళ్ళది. గర్వపడడానికి కారణం లేకపోలేదు. ఆ చుట్టుపక్కల చెరువు తవ్వాలన్నా, సంత పెట్టాలన్నా, కొత్త పాలెం కట్టాలన్నా జనం ముందు బాబా శిష్యుల కోసమే గుట్ట ఎక్కేవాళ్ళు.

ఆట ఇలా ఉండేది. మంచమంత చెక్కపలక, దాని నిండా సన్న ఇసుక. ఒక వైపు మాత్రం అరగదీసి తెల్లగా చేసిన చింతపిక్కలు. ఒక్కో పిక్క ఒక్కో కుటుంబం. నల్లవైపు పైకి ఉంటే ఇల్లు క్షేమం. తెల్లవైపు తిరిగిందంటే ఆ ఇంట్లో రోగం వచ్చి అంతా పోయినట్టు.

ఒక కారు, అంటే ఒక పంటకాలం, గడిచిందని బాబా అనగానే ప్రతి పిక్క పక్కన ఒక బొగ్గుముక్క పడేది. అది ఆ ఇంటి చెత్త. కొత్తగా ఇల్లు కడితే పెంకుముక్క పడేది. అది కట్టగా మిగిలిన రాయీ రప్పా, చెక్కా చెదారం. ఆ తర్వాత బాబా గవ్వలు విసిరి, గాలి ఎటు నుంచో చూసి, ఆ వైపు నుంచి విసనకర్ర ఒక్కసారి ఊపేవాడు. ఆ గాలికి బొగ్గు అవతల ఏ పిక్క ఉంటే ఆ పిక్కను తెల్లవైపు తిప్పేసేవాడు. బాబా చేతికి మొహమాటం లేదు.

కట్టుబాటు ఒకటే. పలక మీదికి వచ్చింది పలక దిగకూడదు. చెత్తను అంచు దాటించి నేల మీద పారేస్తానంటే ఆట అక్కడితో సరి.

అయితే ఒక వెసులుబాటు ఉంది. ఫలానా చెత్త ఫలానా పనికి వస్తుందని ఆడేవాడు చెప్పి ఒప్పిస్తే, బాబా ఆ బొగ్గు తీసేసి దాని చోట ఒక జొన్నగింజ పెట్టేవాడు. జొన్నగింజ అంటే ఊరికి లాభం.

ఆ ఏడు తుంగభద్ర పొంగి గొందిపల్లెను ఊడ్చుకుపోయింది. మనుషులు మాత్రం ఎట్లాగో గట్టెక్కి, బాబా గుట్ట కింద గుడిసెలు వేసుకున్నారు. పొద్దునా సాయంత్రం తకియాలోనే భోజనం. ఏటికి దూరంగా, మెరక మీద వాళ్ళకు చోటు ఇచ్చాడు జాగీర్దారు. ఊరు గీయడానికి మనిషిని పంపమని బాబాకు కబురు పెట్టాడు.

"ఈసారి పాలెమాట ఎవుడు గెలిస్తే వాడే తాడు తీసుకొని పోతాడు" అన్నాడు బాబా.

తాడు అంటే కొలతాడు. నేల మీద పరిచి, మేకులు కొట్టి, వీధులూ ఇండ్లూ గీసేది దానితోనే.

ఆ మాట విన్నప్పటి నుంచి పకీరప్పకు కాలు ఒకచోట నిలవలేదు. అతని తండ్రి రాతిగోడలు కట్టే ఒడ్డె మేస్త్రి. బతికినన్నాళ్ళూ ఎవరో గీసిన గీత మీద రాయి పేర్చాడు. గీత వంకర అని తెలిసినా నోరు విప్పే వీలు లేదు. "మా నాయన గోడ కట్టినాడు, నేను గీత గీస్తా" అని పకీరప్ప గుట్టకు వచ్చిన కొత్తలోనే అన్నాడు. ఇప్పుడు ఆ గీత చేతికందే దూరంలోకి వచ్చింది. మధ్యలో అడ్డం ఉన్నవి బొగ్గుముక్కలే.

ముందు సాటి శిష్యుడు హుసేను ఆడాడు. హుసేనుకు తిండి ఎక్కువ, ఓపిక తక్కువ. బొగ్గులన్నీ వేలితో ఇసుకలోకి నొక్కేసి, పైన చదును చేసి, "చూడండి బాబా, అద్దం మాదిరి ఉంది నా పాలెం" అన్నాడు.

బాబా మెచ్చుకోలుగా తల ఊపాడు. పక్కనున్న చెంబు తీసి, "వానలు బాగా పడినాయి" అంటూ పలక మీద నీళ్ళు చిలకరించాడు. ఇసుక కిందికి దిగింది. బొగ్గు పైకి లేచింది. కొన్ని ముక్కలు తేలుతూ పోయి హుసేను తవ్విన బావిలోనే పడ్డాయి.

అందరూ పొట్ట పట్టుకొని నవ్వారు. హుసేను కూడా నవ్వాడు. "పోనీలే బాబా, ఆ నీళ్ళు నేను తాగను" అన్నాడు. వాడు అంతే, ఓడినా వాడి ఆకలి తగ్గదు.

తర్వాత పకీరప్ప కూర్చున్నాడు.

ఆ ఆట చూసినవాళ్ళు దాని గురించి గొప్పగా చెప్పుకున్నారంటే చెప్పుకోరూ మరి! పకీరప్ప ముందు బొగ్గు జోలికే పోలేదు. పెంకుముక్కల దగ్గర మొదలుపెట్టాడు.

"ఇండ్లకు కొట్టిన రాళ్ళలో మిగిలిన చెక్కులు బావి లోపలి ఒరకు వాడతా బాబా. ఇంకా మిగిలితే దారిలో పరిచి దిమ్మిసా కొడతా. వానాకాలం బండి దిగబడదు."

బాబా తల ఊపాడు. పెంకుముక్కలు పోయి జొన్నగింజలు వచ్చాయి.

"పగిలిన కుండలు పొడిచేసి సున్నంలో కలిపితే నీళ్ళ తొట్టికి గార అవుతుంది."

మళ్ళీ జొన్నగింజలు.

"వడ్ల పొట్టు ఇటుకల బట్టీకి. బూడిద సగం అంట్లకు, సగం చేలకు. పేడ ఎరువుకు. దూలాల్లో మిగిలిన కొసలు గొడ్లకు కట్టే గుదికొయ్యలకు, పలుగు పిడులకు. చింకి గుడ్డలు పేని గాదె మూతులకు కట్టే తాళ్ళు చేస్తా."

ఒక్కోమాటకు బాబా చెయ్యి కదిలింది. బొగ్గు తీయడం, జొన్న పెట్టడం. కాసేపటికి పకీరప్ప పాలెం పచ్చగా ధాన్యం ఆరబోసిన కళ్ళంలా అయిపోయింది. హుసేను నోరు తెరిచి మూయడం మరిచాడు. చెత్తలోంచి ఊరు బాగుపడడం ఆ పలక మీద అదే మొదటిసారి.

అయినా కొన్ని బొగ్గులు మిగిలాయి. చచ్చిన గొడ్లు, మురుగు, రోగం వచ్చినవాళ్ళు కప్పుకున్న గుడ్డలు. వాటికి పనేమిటో పకీరప్ప కూడా చెప్పలేకపోయాడు. ఎవరు చెప్పగలరు?

అక్కడే అతను తన తెలివంతా చూపించాడు. ఊరి తూర్పు కొసన, వాగు దాటాక, పలక మూలలో ఒక కుప్ప పెట్టాడు. ఏ కారులో గవ్వలు ఎట్లా పడ్డా ఆ మూల నుంచి గాలి ఊరి మీదికి రాకుండా మధ్యలో రాళ్ళు పేర్చి ఒక అడ్డుగోడ లేపాడు. కుప్పకు ఎత్తిపోయడానికి మనుషులు కావాలి గదా, అందుకు ఏడు పిక్కలు తీసి గోడకు అవతల, కుప్ప పక్కన సర్దాడు. వాళ్ళు ఊరి బావికి రానక్కర లేకుండా అక్కడే ఒక చెలమ తవ్వాడు. వాళ్ళు వచ్చిపోవడానికి వేరే సన్న దారి గీశాడు. దేనికీ లోటు రానివ్వలేదు.

బాబా కారు తర్వాత కారు గడిపాడు. గవ్వలు విసిరాడు. విసనకర్ర ఊపాడు. తూర్పు గాలి, పడమటి గాలి, తిరుగుడు గాలి. ఊళ్ళో పిక్కలు నల్లగా నిగనిగలాడుతూ కూర్చున్నాయి.

"ఎన్ని పడినాయిరా?" అని అడిగాడు బాబా, ఆట ముగిశాక.

"ఊళ్ళో ఒక్కటి పడలేదు బాబా!"

హుసేను మెడ సాచి చూశాడు. "ఆ మూల మూడు తెల్లగా తిరిగినాయి గదరా?"

"అవి కుప్ప పక్కవి" అన్నాడు పకీరప్ప. "అవి పడేవే. లెక్కలోకి రావు."

బాబా ఆ మూలకు వంగి చూశాడు. "ఇవి ఎవురివిరా?"

"ఎవురివీ కావు బాబా. ఉత్త పిక్కలు."

బాబా విసనకర్ర పక్కన పెట్టి, "గెలిచినావు" అన్నాడు.

ఆ ఒక్కమాటకు పకీరప్ప ఛాతీ చూడాలి! తకియా అంతా కలియదిరిగాడు. వంటవాడికి చెప్పాడు, నీళ్ళు మోసేవాడికి చెప్పాడు, ఎవరూ దొరక్కపోతే మేకలకు చెప్పాడు. ఆ పూట పంక్తిలో వడ్డన అతనిదే. గొందిపల్లె వాళ్ళందరికీ రొట్టెలు వేస్తూ, "మీ ఊరు గీసేది నేనే, తెలుసా" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. తకియాలో అందరిదీ ఒకటే పంక్తి. రెడ్డి పక్కన చాకలి, చాకలి పక్కన సాయిబు, ఆ పక్కన సుంకులమ్మ. గొందిపల్లెలో చచ్చిన గొడ్డును లాగేదీ, వీధులు ఊడ్చేదీ సుంకులమ్మ వాళ్ళే. వచ్చిన కొత్తలో పంక్తిలో కూర్చోవడానికి వణికిపోయింది ఆ ముసలామె. ఇప్పుడు అలవాటైంది. రొట్టె మెత్తగా లేదని వంటవాణ్ణి తిట్టేదాకా వచ్చింది.

"ఇంకో రొట్టె వేయమంటావా అవ్వా?" అన్నాడు పకీరప్ప.

"వెయ్యి నాయనా. మంచి ఊరు గీయి" అంది ఆమె.

బాబా అది విన్నాడు. తిని లేస్తూ పకీరప్పను పిలిచాడు.

"రేపు గొందిపల్లె వాళ్ళందరినీ పలక దగ్గరికి రమ్మను. ఎవురి పిక్క వాళ్ళు ఎంచుకుంటారు. ఆ ప్రకారమే తాడు వేద్దువు."

పకీరప్పకు ఇంకేం కావాలి. తను కట్టిన ఊరిని ఊరే వచ్చి చూడబోతోంది.

మరునాడు ఎండ ఎక్కకముందే జనం గుట్ట ఎక్కారు. పలక చుట్టూ గుమిగూడారు. పకీరప్ప ఒక సన్నపుల్ల పట్టుకొని, పెండ్లికొడుకు తండ్రిలా అటూ ఇటూ తిరుగుతూ అన్నీ చూపించాడు. ఇది బావి, ఇది సంత, ఇవి గాదెలు, ఈ దారిలో బురద ఉండదు, ఈ తొట్టిలో నీళ్ళు ఎండాకాలమంతా నిలుస్తాయి.

శేషిరెడ్డి మీసం దువ్వుకుంటూ వింటున్నాడు. గొందిపల్లెకు పెద్ద ఆయనే. "శానా బాగుంది అబ్బీ" అన్నాడు. "బావి ఎదురుగా ఉన్న ఆ పిక్క నాది." తీయడానికి చెయ్యి కూడా చాచాడు.

"ఆగు రెడ్డీ" అన్నాడు బాబా. గుంపు వెనక్కి చూశాడు. "సుంకులమ్మా, ఇట్ల రా."

గుంపు రెండుగా చీలింది. ఎందుకు పిలిచారో అర్థం కాక సుంకులమ్మ కొంగు సర్దుకుంటూ ముందుకు వచ్చింది.

"మొదట నువ్వు ఎంచుకో" అన్నాడు బాబా. "ఏ పిక్క అయినా సరే."

శేషిరెడ్డి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుంపులో గుసగుసలు లేచాయి. పకీరప్పకు మాత్రం సంతోషమే అయింది. బాబా గొప్పతనం అంటే ఇది గదా అనుకున్నాడు. సంత పక్కన ఒక మంచి పిక్క ఉంది, నీడ పట్టున, నీళ్ళకు దగ్గర. అది ఎంచుకుంటే బాగుండునని అతనికే అనిపించింది. పుల్లతో అటు చూపించబోయాడు కూడా.

సుంకులమ్మ పలకను చూసింది. బావిని చూసింది, వీధులను చూసింది, అడ్డుగోడను చూసింది. ఎంతోసేపు చూడలేదు. పలక చుట్టూ తిరిగి తూర్పు మూలకు పోయింది. వంగి, కుప్ప పక్కనున్న ఒక పిక్క మీద వేలు పెట్టింది.

"ఇదే గద సామీ మాది."

పకీరప్ప చేతిలో పుల్ల అట్లాగే ఉండిపోయింది.

"అవ్వా" అన్నాడు. "ఆ మూల కాదు. ఏదైనా ఎంచుకోవచ్చు. బాబా చెప్పినాడు గదా, ఏదైనా!"

"తెలుసు నాయనా" అంది సుంకులమ్మ. అతను నొచ్చుకున్నాడేమో అనుకుంది పాపం, ముఖం నిండా నవ్వు తెచ్చుకుంది. "శానా బాగా పెట్టినావు. మా పాతూర్లో కుప్ప పడమర పక్క ఉండె. గాలి తిరిగితే ఊర్లోకి వాసన కొట్టేది, రెడ్డి వాళ్ళు మమ్మల్ని తిట్టేవాళ్ళు. నువ్వు ఆ బాధ గూడా లేకుండా చేసినావు. చెలమ గూడా తవ్వినావు. ఇంత మంది కండ్ల ముందర బిందె పట్టుకొని నిలబడే పని లేదు."

తన వాళ్ళ వైపు తిరిగి చెయ్యి ఊపింది. మిగతా ఆరు ఇండ్లవాళ్ళు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. ఎవరూ ఏ పిక్క అని అడగలేదు. ఒకతను తెల్లగా తిరిగిన పిక్కను మెల్లగా నల్లవైపుకు తిప్పి పెట్టాడు, అంతే.

బాబా పలక మీదికి వంగి, ఊరినంతా ఒకసారి తీరిగ్గా చూశాడు. తర్వాత శిష్యుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎంత బాగా కట్టినావురా పకీరా" అన్నాడు. "ఎవురూ చెప్పకుండానే ఎవురిల్లు యాడో ఆమెకు తెలిసిపోయింది."

పకీరప్పకు తల కొట్టేసినట్టయింది. నిన్నటి నుంచి ఆ మెప్పు కోసమే చెవులు రిక్కించుకొని ఉన్నాడు. వచ్చింది. వినలేకపోయాడు.

ఆ ఏడు పిక్కలు తీసి అక్కడ పెట్టినప్పుడు అతని మనసులో సుంకులమ్మ లేదు. ఒట్టు వేసి చెప్పగలడు. ఆమెకు నిన్న రొట్టె వేసిన చెయ్యి ఇదే. కానీ గోడ ఎక్కడ లేపాలో, చెలమ ఎక్కడ తవ్వాలో, దారి ఎందుకు వేరే ఉండాలో ఆ చేతికి ఎవరూ నేర్పలేదు. ఆలోచించకుండానే తెలిసిపోయింది.

"బాబా" అన్నాడు. "ఇంకొక్క ఆట ఆడనీయండి. అంతా చెరిపేసి మళ్ళా కడతా."

"ఆట అయిపోయింది" అన్నాడు బాబా. "రేపు పొద్దున వీళ్ళు మూటలు ఎత్తుకుంటారు. ఇంక ఊరే."

గోడకు తగిలించిన కొలతాడు తీసి పకీరప్ప చేతిలో పెట్టాడు. పంక్తికి వేళయిందని అందరినీ తోలుకొని వెళ్ళిపోయాడు.

ఎవరెవరు ఏ పిక్క ఎంచుకున్నారో ఆ పూట తేలలేదు. పలక అట్లాగే ఉండిపోయింది.

మెరక మీద నేల బాగుంది. ఎర్రమట్టి, అక్కడక్కడా రాళ్ళు, మోకాలెత్తు గడ్డి. గొందిపల్లె వాళ్ళు పొద్దున్నే వచ్చి మూటలు దింపారు. బాబా రాలేదు. పకీరప్ప ఒక్కడే వచ్చాడు, భుజాన తాడు, సంచిలో మేకులు, సుత్తి. నిన్నటి దర్జా అతని నడకలో లేదు. కానీ తల దించుకొని కూడా లేడు.

నీటిపట్టు ఎక్కడుందో చూసి బావి చోటుకు ఒక రాయి పెట్టాడు. శేషిరెడ్డి ఆ రాయి ఎదురుగా పోయి తన చేతికర్ర నేలలో గుచ్చాడు.

"ఇది నా చోటు. నిన్ననే అనుకున్నది."

"ఆ కర్ర తీయండి రెడ్డీ" అన్నాడు పకీరప్ప. "ఇంకా మొదటి మేకు పడలేదు."

"ఏంది? పలక మీద చూపిస్తివి గదా!"

"అది ఆట. నేను గెలిచినా. అది అట్లుండనీ."

శేషిరెడ్డికి చిర్రెత్తింది. "సరే, ఊరంతా మార్చుకో. మరి కుప్ప యాడ పెడతావు? అది చెప్పు ముందు."

"గాలి చూసుకొని పెడతా. యాడ పెట్టినా దాని పక్కిల్లు నాది."

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"నువ్వు ఈడనే ఉంటావా?"

"ఉంటా. ఊరు నిలబడేదాకా ఉంటా. కుప్పకు మోసేది వంతుల మీద. మొదటి వంతు నాది. రెండోది మీది రెడ్డీ."

"నాదా!"

"మీ ఇంట్లో చెత్త రాదా?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. శేషిరెడ్డి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. జాగీర్దారు మనిషిని పంపమన్నది బాబాను, బాబా పంపింది వీణ్ణి. ఆ సంగతి ఆయనకు గుర్తొచ్చింది కాబోలు. కర్ర పీకి చేత్తో పట్టుకున్నాడు. వెళ్ళిపోలేదు, మళ్ళీ గుచ్చనూ లేదు.

పకీరప్ప భుజం మీది తాడు దించి చుట్ట విప్పాడు. తండ్రి రాళ్ళు పేర్చేటప్పుడు దారం పట్టుకున్నట్టే ఒక కొసను అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. రెండో కొస తీసుకొని గుంపు వెనక్కి నడిచాడు. సుంకులమ్మ అక్కడ తన మూట మీద కూర్చొని ఉంది.

"అవ్వా, ఈ కొస పట్టుకో."

"నేనా నాయనా? ఎవురైనా మగోళ్ళను పిలువు."

"నువ్వే పట్టుకో. నీ గడప యాడ కావాలంటే ఆడికి నడువు. మొదటి మేకు ఆడ కొడతా" అని, తిరిగి వచ్చి బావి రాయి పక్కన నిలబడ్డాడు.

సుంకులమ్మ లేచింది. తాడు కొసను రెండు చేతులతో పట్టుకుంది. అందరూ చూస్తున్నారు. ఆమె తల వంచుకొని, అలవాటైన కాళ్ళతో, మెరక కొస వైపు నడక సాగించింది. తాడు ఆమె వెనక గడ్డిలో జరజరా సాగింది. ఇంకా పోయింది. మెరక కొస చేరకముందే తాడు అయిపోయి బిగుసుకుంది.

పకీరప్ప అరచేతికి తాడు కోసుకుంటోంది. కానీ అతను బావి రాయి పక్క నుంచి కదల్లేదు.

సుంకులమ్మ ఒకసారి లాగి చూసింది. రాలేదు. వెనక్కి తిరిగింది. పకీరప్పను చూసింది, అతని కాళ్ళ దగ్గరున్న రాయిని చూసింది. తర్వాత తల ఎత్తి, ఆ నేలనంతా ఈ కొస నుంచి ఆ కొసకు మొదటిసారి కలయజూసింది.